మాతృఋణము - ఏకశేషము

మాతృఋణ మను మాట తెలుఁగువారి నోళ్లలో మిక్కిలి వ్యాప్తిలో నున్నది. తల్లిఋణము తీర్చుకొనరానిదని పండితులును బామరులును సమానముగాఁ జెప్పుదురు. కాని శ్రుతిలో వెదకినచో నీ పేరితో ఋణ మొకటి కానరాదు. తైత్తిరీయసంహిత షష్ఠకాండమునందు బ్రాహ్మణుఁడు మూఁడు ఋణములతోఁ బుట్టుననియు, బ్రహ్మచర్యముచే ఋషులకును, యజ్ఞముచే దేవతలకును, సంతానముచేఁ బితరులకును ఋణము దీర్చుననియుఁ జెప్పఁబడినది. ఋషిఋణము, దేవఋణము, పితృఋణము - ఇవి మూఁడే; నాలుగవది లేదు. కని, పెంచి, కష్టకాలమునఁ గాచిన తల్లికి ఋణగణనలోఁ జోటు లేదా యను సంశయము విద్యార్థులకుఁ గలుగుట సహజము. పాఠశాలలలోఁ బండితులు దీనికి సమాధానము చెప్పవలసియే యుండును. ఆ సమాధానము వ్యాకరణమునఁ గలదు. అది కేవలము శబ్దవిషయము గాక లోకవృత్తమునకుఁ గూడ నన్వయించు ననుటకుఁ బ్రకాశముజిల్లా పేరే నిదర్శనము. ఈ రెండంశములును గ్రమముగా నిచ్చట విచారింపఁబడుచున్నవి.

పితృశబ్దము జనకుని మాత్రమే చెప్పునా యనునది మొదటి ప్రశ్న. రఘువంశము మొదటిశ్లోకమునఁ గాళిదాసు పార్వతీపరమేశ్వరులను ‘పితరౌ’ అని పేర్కొనెను. ఇద్దఱు తండ్రులని దాని యర్థము గాదు. తల్లియుఁ దండ్రియు నని విగ్రహము చెప్పి, మల్లినాథుఁ డచ్చటఁ బాణినీయసూత్రమును బ్రమాణముగాఁ జూపెను. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ ద్వితీయపాదమందలి 70వ సూత్రము, మాతృశబ్దముతోఁ గూడఁ జెప్పఁబడినపుడు పితృశబ్దము వికల్పముగా మిగులునని విధించుచున్నది. ఇదియే యేకశేషము. రెండు పదములలో నొకటి నిలుచును, రెండవది పోవును. ఐనను నిలిచిన పదము పోయినదాని యర్థమును గూడ మోయును.

ఇచ్చట సామాన్యలోపమునకును నేకశేషమునకును గల భేదమును గుర్తింపవలయును. ఏకశేషమునఁ దొలఁగినది రూపము మాత్రమే, అర్థము తొలఁగలేదు. దానికి సాక్షి ద్వివచనప్రత్యయము. ‘పితా’ అన్నచోఁ దండ్రి యొక్కఁడే. ‘పితరౌ’ అన్నచోఁ జివర నున్న ఔకారము రెండవవ్యక్తి యున్నదని చాటుచున్నది. ఆ ప్రత్యయమే లేకున్నచోఁ దల్లి పదమునుండియే కాక యర్థమునుండియుఁ దొలఁగిపోవును. కాఁబట్టి యేకశేషమునఁ దల్లిని నిలుపునది వచనము. ఈ మార్గమునఁ జూచినచోఁ బితృఋణమున మాతృఋణ మంతర్గత మని గ్రహించుట సుకరము. శ్రాద్ధాదులయందు మాతృవర్గమునకును స్థాన ముండుట యీ యర్థమునే బలపఱచుచున్నది.

పురుషపదమే మిగులుటచేఁ దల్లికి న్యూనత కలిగినదని కొందఱు తలంపవచ్చును. అది సరి గాదు. పై విధి వైకల్పికము. ఏకశేషము చేయనిచో ద్వంద్వసమాసము వచ్చును. ద్వంద్వమునఁ బూజ్యతరమైన పదము ముందు నిలువవలయునని వార్తికము. దానికి వ్యాఖ్యాత లిచ్చు నుదాహరణము ‘మాతాపితరౌ’ అనునదియే. అనఁగా రెండు పదములును గనఁబడునపుడు తల్లిదే యగ్రస్థానము. తెలుఁగునను నిదే క్రమము. తల్లి, తండ్రి యను పదములు ద్వంద్వమునఁ గూడఁగాఁ బరమందలి తకారమునకు దకారము వచ్చి ‘తల్లిదండ్రులు’ అయినది. ‘తండ్రితల్లులు’ అను క్రమము వాడుకలో లేదు. గౌరవమునఁ దల్లి తండ్రికంటె వేయిరెట్లు మించునని మనుస్మృతి ద్వితీయాధ్యాయమునఁ గలదు. సంతానముకొఱకుఁ దల్లిదండ్రులు పడు క్లేశమునకు నిష్కృతి నూఱేండ్లకైనను జేయరానిదని యా యధ్యాయమే చెప్పుచున్నది.

తీర్చరాని ఋణమున్నపుడు ఋణస్థుఁడు చేయఁదగిన దేమి? దీనికి సమాధానము ‘కృతజ్ఞ’శబ్దమున దొరకును. కృతమును, అనఁగాఁ జేయఁబడినదానిని, ఎఱుఁగువాఁడు కృతజ్ఞుఁడు. ఉపసర్గ లేని యాకారాంతధాతువునకుఁ గర్మ యుపపదముగా నుండఁగాఁ గప్రత్యయము వచ్చునను తృతీయాధ్యాయసూత్రముచే నీ రూపము సిద్ధించును. ఇందు ధాత్వర్థము జ్ఞానము. ప్రత్యుపకారము చేయుట యను నర్థము పదములో నెచ్చటను లేదు. దీనికి విరుద్ధపదము ‘కృతఘ్నుఁడు’. వీఁడు కృతమును జంపువాఁడు. ఋణము తీర్పనివాఁడు గాఁడు; చేసిన మేలు లేకుండఁ జేయువాఁడు. కాఁబట్టి కృతజ్ఞతకు శత్రువు దారిద్ర్యము గాదు, మఱపు. మఱపుకంటెఁ గూడఁ బ్రబలశత్రువు మఱుఁగుపఱచుట. శ్రీమద్రామాయణ ప్రథమసర్గమున వాల్మీకి నారదు నడిగిన గుణములలోఁ గృతజ్ఞత యొకటిగా నుండుటకుఁ గారణ మిదియే కావచ్చును: ఎఱుఁగుట, ఎఱిఁగినదానిని నిలుపుట సులభము గాదు.

పురాణములలో మాతృఋణమునకుఁ బ్రసిద్ధోదాహరణము గరుత్మంతుఁడు. వినత దాస్యమును దొలఁగించుట కతఁ డమృతమును దెచ్చెను. శంకరభగవత్పాదులు సన్న్యాసులయ్యుఁ దల్లికి మాట యిచ్చిన చొప్పున వచ్చి యామె యంత్యక్రియలు నడపి రని సంప్రదాయము చెప్పుచున్నది. ఈ రెండు కథలయందును దల్లికిఁ గొడుకు చేసిన కార్యమే ప్రధానము. తల్లి కష్టకాలమునఁ గొడుకునకుఁ జేసిన కార్యము, దానిని గొడు కెఱిఁగి చెప్పిన తీరు తెలియుటకుఁ బురాణములకుఁ బోవ నక్కఱలేదు. తెలుఁగుదేశమున నీవలికాలముననే యొక వృత్తాంతము గలదు.

మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు చిరకాలము కర్నూలుజిల్లాలో నుండినవి. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములు చేర్చి యొంగోలుజిల్లా యేర్పఱచినపుడు, నల్లమలయంచున నున్న యీ పశ్చిమభాగము తూర్పుతీరముతోఁ గలిసినది. భౌగోళికముగా నీ కలయిక క్రొత్తది గాదు. నల్లమలలోఁ బుట్టిన గుండ్లకమ్మ కంబముచెఱువును నింపి, తూర్పునకుఁ బాఱి, యొంగోలు ప్రాంతమున సముద్రముఁ జేరును. 1972లో జిల్లాకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టఁబడెను. అప్పటినుండి దశాబ్దములకొలఁది మార్కాపుర గిద్దలూరు పాఠశాలల పిల్లలు తమ చిరునామాలలో నొక కొడుకు పేరు వ్రాయుచు వచ్చిరి. ఆ పేరివెనుక నొక తల్లి గలదు. ఆమె పేరు సుబ్బమ్మ.

ప్రకాశము పంతులుగారు 1872 ఆగష్టు 23వ తేదీని వినోదరాయునిపాలెమున జనించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు. కొడుకునకుఁ బదునొకం డేండ్లు నిండునప్పటికిఁ దండ్రి గతించెను. బిడ్డలు పసివారు, జీవనాధారము లేదు. అప్పుడు సుబ్బమ్మగారు బిడ్డలను వెంటఁబెట్టుకొని యొంగోలు చేరి, పూటకూళ్లయిల్లు పెట్టిరి.

ఈ యొక్క వాక్యములోని గురుత్వము నేఁటి విద్యార్థికిఁ దెలియదు. పండితుఁడు వివరింపవలయును. పూట యనఁగా దినమున నొకభాగము. కూడనఁగా నన్నము, దానికి బహువచనము కూళ్లు. సమాసమున నౌపవిభక్తికరూపము వచ్చి ‘పూటకూటియిల్లు’ అనియు నగును. వెల యిచ్చి యొక్కపూట కన్నము తిను నిల్లని భావము. ఈ వ్యవస్థ ప్రాచీనమే. క్రీడాభిరామమున నోరుఁగంటిలోని పూటకూటియింటి వర్ణన గలదు. ఒక్క రూకకు లభించు భోజనమును గవి నోరూరునట్లు వర్ణించెను. ఆ కవి శ్రీనాథుఁడా వినుకొండ వల్లభరాయఁడా యను వివాద మిచ్చట నప్రస్తుతము. భోజనము రుచించినను వృత్తికి గౌరవము దక్కలేదు. అన్నవిక్రయము ధర్మగ్రంథములయందు గర్హితము. పందొమ్మిదవశతాబ్దియం దీ వృత్తి చేయువారు ప్రాయికముగా దిక్కులేని వితంతువు లగుటచే లోకులనింద యింకను హెచ్చెను. 1892లో మొదట ప్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమైన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమునఁ బూటకూళ్లమ్మ యొక పాత్రము. వృత్తియే యామెకుఁ బేరైనది. ఆమె యింటఁ దిని, యామెసొమ్ము వాడుకొన్న గిరీశముఁ జూచి ప్రేక్షకులు నవ్వుదురు; ఆమెను జూచియు నవ్వుదురు. సుబ్బమ్మగా రొంగోలులోఁ బొయ్యి రాఁజేసినది యా నవ్వుల కాలముననే.

ఆ కాలమున వితంతువునకు మఱియే మార్గము గలదు? బంధువుల పంచఁ జేరి, వారి దయపైఁ గాలము గడపుట యొకటి. రాజమహేంద్రవరమునఁ గందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపినది 1881 డిసెంబరు 11వ తేదీని. ఆ యొక్క వివాహమునకే యెంత కోలాహలము జరిగినదో తెలుఁగువారందఱు నెఱుఁగుదురు. అట్టి కాలమున సద్వంశమునఁ బుట్టి మెట్టిన స్త్రీ వెలకు నన్నము పెట్టుట కుల గౌరవమును దన చేతులతో దాను వదలుకొనుటయే. బంధువుల దయ నాశ్రయించినచో మర్యాద నిలుచును, చదువు నిలువదు. పూటకూళ్లు పెట్టినచోఁ జదువు నిలుచును, మర్యాద నిలువదు. సుబ్బమ్మగారు రెండవదానిని వరించిరి.

అంతమాత్రమునఁ గష్టములు తీఱలేదు. పూటకూటిసంపాదన కుటుంబమునకుఁ జాలకపోఁగా బాలుఁడు వారములు చేసికొని తినవలసివచ్చెను. పరీక్షకుఁ గట్టవలసిన రుసుము మూఁడు రూపాయలు. ఆ మూఁడు రూపాయలకు బాలుఁడు బంధువు నాశ్రయింపఁ బోయి, వట్టిచేతులతో మరలివచ్చెను. తల్లి తన పట్టుచీర కుదువపెట్టి యా సొమ్ము తెచ్చి యిచ్చెను. ఆ తరువాత నుపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుఁడుగా రా బాలుని జేరఁదీసి రాజమహేంద్రవరమునకుఁ గొనిపోయి చదివించిరి. ఆ గురువు చేసిన మేలు సర్వజనప్రశంస కర్హము. ఐనను గురువు చేయి యందుకొనువఱకు శిష్యుని బడిలో నిలిపినది కుదువపెట్టిన చీర.

పిదప జరిగినది చరిత్రప్రసిద్ధము. ఆ బాలుఁడు న్యాయవాది యయ్యెను. రాజమహేంద్రవరమున బురపాలకసంఘాధ్యక్షుఁ డయ్యెను. ఇంగ్లండు పోయి బారిష్టరై వచ్చి మదరాసున విశేషధన మార్జించెను. 1921లో వృత్తి విడిచి, ‘స్వరాజ్య’ పత్రిక స్థాపించి, యార్జించినదెల్ల దేశమునకు వ్యయపఱచెను. 1928 ఫిబ్రవరి 3వ తేదీని మదరాసున సైమనుసంఘబహిష్కారమునాఁడు తుపాకులయెదుట ఱొమ్ము చూపి నిలిచెను. 1946లో మదరాసురాష్ట్ర ప్రధానమంత్రియు, 1953 అక్టోబరు 1వ తేదీని ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియు నయ్యెను. 1957 మే 20వ తేదీని దివంగతుఁ డయ్యెను. ఆంధ్రకేసరి యను బిరుదము నేఁటికిని బ్రజల నోళ్లలో నున్నది.

ఇట్టి పురుషుఁడు తన బాల్యమును జెప్పునపుడు రెండు మార్గము లుండును. తల్లి కష్టపడి పెంచెనని సామాన్యముగాఁ జెప్పి దాఁటిపోవుట యొకటి. చరిత్రలు వ్రాయువారు పలువు రట్లే చేయుదురు. దానివలన మర్యాదకు భంగము లేదు; తల్లికిఁ గీర్తియు లేదు. రెండవ మార్గము, ఆమె యేమి చేసెనో దాని పేరు పెట్టి చెప్పుట. ప్రకాశము పంతులుగారు ‘నా జీవితయాత్ర’ యందు రెండవ మార్గము ద్రొక్కిరి. ప్రధానమంత్రిపదవిఁ జూచిన పురుషుఁడు తన తల్లి పూటకూళ్లు పెట్టెనని లోకమునకుఁ జెప్పెను. లోకము నీచ మనిన వృత్తిని మఱుఁగుపఱచియుండినచోఁ దల్లి చేసిన కార్యము నతఁడు వ్యాకరణార్థమునఁ జంపినవాఁ డగును. చెప్పుటచేఁ గృతమును నిలిపినవాఁ డయ్యెను. కృతజ్ఞశబ్దమునకు లోకమున నింతకంటె స్పష్టమైన యుదాహరణము దుర్లభము.

ఇప్పుడు సూత్రమునకు మరలవలయును. జిల్లాపేరున మిగిలినది కొడుకు పేరు; తల్లిపేరు కానరాదు. దీనిని లోప మనవలయునా, ఏకశేష మనవలయునా? జిల్లాపేరును మాత్రము చూచినచో లోపమే. ఆత్మకథతోఁ గలిపి చూచినచో నేకశేషము. పదమున ఔకార మెట్లో, కొడుకు జీవితమున నాతని సాక్ష్య మట్లు. ఆ సాక్ష్య మున్నంతకాలము మిగిలిన పేరు పోయిన పేరి యర్థమును గూడ మోయుచునే యుండును. కృతజ్ఞత ద్వివచనమువంటిది, అది లేనిచోఁ గొడుకు చరిత్ర యేకవచనముగా మిగిలిపోవును.

ఇచ్చట నొక యాక్షేపము కలుగవచ్చును. బిడ్డను గాచుట తల్లికి స్వభావము. స్వభావసిద్ధమైనదానికిఁ గృతజ్ఞత యేల? నీరు చల్లగా నున్నందుకు నీటికి నెవఁడును ఋణపడఁడు గదా యని. ఈ యాక్షేపము నిలువదు. వాత్సల్యము స్వభావ మగుఁగాక. పట్టుచీర కుదువపెట్టుట స్వభావము గాదు. అది యొక నిర్ణయము. పూటకూళ్లు పెట్టుటయు నిర్ణయమే. రెండు దారు లున్నపుడు నష్టమును దెలిసియు నొకదారిని వరించుట కర్తృత్వము. స్వతంత్రుఁడు కర్త యని వైయాకరణుల నిర్వచనము. తల్లి చేసినదంతయు స్వభావమే యన్నచో నామెకుఁ గర్తృత్వమే లేదన్నట్లగును. ‘కృత’మని యెన్నఁదగినది కర్త యున్నపుడే కలుగును. కాఁబట్టి తల్లిని స్వభావమని పొగడుటకంటె, కర్త్రి యని గుర్తించుట యెక్కుడు న్యాయము.

పశ్చిమప్రాంతమున కీ విచార మేల యని యడుగవచ్చును. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును బాధించిన ధాతకఱవునఁ గర్నూలుజిల్లా మిక్కిలి నలిగినది. కంబము, మార్కాపుర ప్రాంతము లప్పుడు ఆ జిల్లాలోనివే. ఆ కఱవున బిడ్డలను బ్రదికించిన తల్లు లెందఱో. ప్రభుత్వనివేదికలు సంఖ్యలను దెలుపును. తల్లుల పేళ్లు వానికి విషయములు గావు. కంబముచెఱువును గజపతుల యాడుపడుచు వరదరాజమ్మ త్రవ్వించెనని ప్రతీతి గలదు. రాణి పేరు చెఱువుతో నిలిచినది. ఆ చెఱువుక్రింద నాట్లు వేసి బిడ్డలను బెంచిన స్త్రీలపేళ్లు నిలువలేదు. మార్కాపురపుఁ బలకలు తెలుఁగుదేశమందేకాక దూరదేశములందలి పాఠశాలలకును బోయినవి. ఆ పలకలమీఁద నెందఱో పిల్లలు అకారమునకుఁ దోడుగా ‘అమ్మ’ యను మాట దిద్దుకొనిరి. పలకఱాతిపనిలోఁ జేతులు కాయలు గాచిన స్త్రీలు పలువురు, వారును దల్లులే. వారి కష్టమునఁ జదివి పైకి వచ్చినవారు పశ్చిమతాలూకాలలోఁ గలరు. వా రా మాట చెప్పినచో నేకశేషము; చెప్పనిచో లోపము.

కావునఁ బాఠశాలలయందుఁ బండితులు చేయఁదగినది స్వల్పము గలదు. రఘువంశముఁ జెప్పునపుడు ‘పితరౌ’ అను పదముకడ సూత్రసంఖ్య చెప్పి వదలక, ద్వివచన మేల వచ్చినదో విద్యార్థిచేతఁ జెప్పింపవలయును. పిదప వానిచేత వాని తల్లిపేరును, ఆమె చేయు పనియుఁ బలకమీఁద వ్రాయింపవలయును. కూలియైనను, నాట్లైనను, పలకల పనియైనను, పూటకూళ్లైనను, ఉన్న పేరుతోనే వ్రాయింపవలయును. ఆ పని పేరు వ్రాయుటకు సిగ్గుపడు విద్యార్థికి ‘కృతజ్ఞ’శబ్దవ్యుత్పత్తి మరల నొకసారి చెప్పవలసియుండును.